రేవు ప్రక్కని కడలి

సంక్రాంతి దినములలో నరసరావుపేట మేడలపై గాలిపటము నెగురవేయు పిల్లవాని చేతినుండి దార మొకసారి యందుకొన్న తల్లికి, గాలి లాగు బలమెంతటిదో తెలియును. ఆ పటమే 7 మొదలు 12 చదరపు మీటర్ల వైశాల్యముతో చిన్నగది కప్పంతయై, 20 మీటర్లకు పైబడిన త్రాళ్లతో మనుష్యుని నడుమునకు కట్టబడి, కాళ్ల క్రింద నొక పలకతో నతనిని అలలపై నీడ్చుకొనిపోయిన నెట్లుండును? ఇదియే నేటి కైట్ సర్ఫింగ్ అను క్రీడ. ఇది మగవారి సాహసమే యని తలంపవలదు. 2024లో పారిస్ ఒలింపిక్సునందు దీనికి తొలిసారి స్థానము లభించినప్పుడు, మార్సేలు తీరమున జరిగిన స్త్రీల పందెములో బ్రిటను వనిత ఎలినార్ ఆల్‌డ్రిడ్జ్ స్వర్ణపతకము నందినది.

మన పల్నాటికి సముద్రము లేదు. మాచర్ల, గురజాల పిల్లలు సెలవులలో విశాఖపట్టణమునకు పోయి, రామకృష్ణా బీచిలోనే తొలిసారి కడలిని చూచుట కలదు. ఆ తీరమున నీ క్రీడ సాగునా యని విచారింతము. ఆ విచారణ పటము పట్టనివారికిని మేలు చేయును.

ఈ క్రీడకు గంటకు 20 మొదలు 45 కిలోమీటర్ల వేగముగల గాలి కావలెను. వేగముకంటెను దాని నిలుకడ ముఖ్యము. విశాఖతీరము నైరుతినుండి ఈశాన్యమునకు సాగియున్నది. దాని నైరుతిని డాల్ఫిన్ నోస్ కొండయు, దానిచెంత రేవును గలవు. కావున వానకాలపు నైరుతిగాలి కొండను దాటి, చీలి, సుడులు తిరిగి వచ్చును. ఒక క్షణమున పటము వాలును. మరుక్షణమున మనిషి నెత్తివేయును. తెల్లవారుజామున నేలనుండి కడలికి వీచు గాలి మరింత ప్రమాదకరము. అది మెత్తగనే తోచును గాని, పట్టు తప్పినవానిని ఒడ్డునకు గాక నడిసముద్రమునకు గొనిపోవును. గాలి కడలినుండి వీచినను, వెనుక నున్న రోడ్డు, దీపస్తంభములు, మేడలు, జనసమ్మర్దము పటగానికిని పరులకును అపాయమే. ఓడలు వచ్చిపోవు రేవుదారిలోనికి కొట్టుకొనిపోయిన చెప్పనేల?

ఇక నీటి సంగతి. 1933లో ఈ రేవు ఓడలకు తెరువబడినది. 1970 తరువాతి సంవత్సరములలో వెలుపలి రేవు నిర్మింపబడినది. తీరమువెంట ఇసుక కదలుచుండును; వానకాలమున నది ఈశాన్యమునకు సాగును. రేవును కాచు రాతికట్టలు దాని నడ్డగించును. అందుచే రేవుకు ఈశాన్యముననున్న బీచికి ఇసుక కొరతపడి, అలలు ఒడ్డును కోసివేయును. అందులకే రేవువారు త్రవ్వితీసిన ఇసుకను గొట్టములద్వారా అచ్చట పోయించుచు వచ్చినారు. ఒడ్డు నిట్రముగా దిగుచోట, మోకాలిలోతున నిలిచినవాడు రెండడుగులలో కంఠములోతున పడును. ఒడ్డుకు వచ్చిన అలల నీరు సన్నని పాయలుగా వెనుదిరిగి బలముగా లోనికి లాగును. అలలు విరుగక నీరు శాంతముగా కనుపించు తావే యట్టి పాయ కావచ్చును. ఎరుగనివారు అదియే క్షేమమని అందే దిగుదురు. ఈ తీరమున పడుచువారు మునిగిపోయిన వార్తలను మనమెన్నిమార్లు చదువలేదు!

కావున ఈ క్రీడకు తగిన తీరము వేరు. విశాలమైన ఇసుకయు, జనము లేని చోటును, నిలుకడగాలియు, గురువును, క్షణములో పటమును విడిపించు మీటయు నుండవలెను. అన్నియు నున్నను, నేర్చినవారు మొదట ఒడ్డున నిలిచి గాలిని, నీటిని పరికించి, అనుమానమున్న నాడు పటము విప్పక మరలిపోవుదురు.

తల్లులారా! నాగులేటిలో, చంద్రవంకలో మడుగెక్కడున్నదో మన పెద్దలెరుగుదురు. కడలిమడుగులు నేటికొకచోట, రేపటికొకచోట నుండును. కావున ఒడ్డుననున్న జాలరులను, కాపలావారిని అడుగకుండ బిడ్డలను నీటదింపకుడు. హైదరాబాదునందలి ఇన్‌కాయిస్ సంస్థ ప్రకటించు అలల హెచ్చరికలను బయలుదేరుటకు ముందే చూచుకొనుడు. నీటిపాయ లాగినచో దాని కెదురీదక, తేలియుండి, చేయెత్తి పిలిచి, ఒడ్డువెంట ప్రక్కకు ఈదవలెనని బిడ్డలకు ఇంటనే నేర్పుడు. నీటిలో చిక్కిన పిదప నేర్పుటకు వ్యవధి యుండదు.