హార్కెన్: వినడమా, మాట వినడమా?

మార్కాపురం రోడ్డు స్టేషన్‌లోనో, గిద్దలూరు స్టేషన్‌లోనో కూర్చున్నారనుకోండి. మైకులో ఏదో చెబుతుంటే మీ చెవిన పడుతుంది. అది ‘హియర్’. మీ రైలు పేరు రాగానే కబుర్లు ఆపి చెవి అటు పెడతారు. అది ‘లిజన్’. ఈ రెండూ మీకు తెలిసినవే. పాత ఇంగ్లీషు పాఠాల్లో మూడో మాట ఒకటి ఎదురవుతుంది. అదే ‘హార్కెన్’.

ముందుగా ఉచ్చారణ చూద్దాం. మొదటి నాలుగు అక్షరాలు ‘హియర్’వే కాబట్టి చాలామంది దీన్ని ‘హియర్కెన్’ అని చదువుతారు. అది తప్పు. గుండెను ‘హార్ట్’ అన్నట్టే దీన్నీ ‘హార్’ అని పలకాలి.

అర్థం ‘ఆలకించు’ అని రాసుకుంటే సరిపోతుందా? సగమే సరిపోతుంది. ‘మావాడు మాట వినడు’ అని తల్లి వాపోతే, పిల్లవాడికి చెవుడని ఎవరూ అనుకోరు. చెప్పినట్టు చెయ్యడని అర్థం. హార్కెన్‌లోనూ ఈ రెండో అర్థం ఉంది. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిలులో ఈ మాట తరచుగా వస్తుంది. అక్కడ చాలాచోట్ల దానికి లోబడడమనే భావం కూడా ఉంటుంది. తెలుగు బైబిలు చదివేవారికి ‘ఆలకించుడి’ పరిచయమే కాబట్టి ఇది సులభంగానే పట్టుబడుతుంది. రాజు మంత్రి సలహాకు ‘హార్కెన్’ చేయలేదని పాఠంలో ఉంటే, రాజుకు వినపడలేదని రాయకండి. కథే మారిపోతుంది! వినపడింది, పెడచెవిన పెట్టాడు.

దీని తోబుట్టువు ‘హార్క్’. దండోరా వేసేవారి ‘వినండహో!’ లాంటి పిలుపు ఇది. చార్లెస్ వెస్లీ రాయగా 1739లో వెలువడిన క్రిస్మస్ గీతం ఈ మాటతోనే మొదలవుతుంది.

‘హార్క్ బ్యాక్’ మాత్రం నేటి పత్రికల్లోనూ కనిపిస్తుంది. ఇందులో వినడం లేదు. వాసన తప్పిన వేటకుక్కలు వచ్చిన దారినే వెనక్కి వెళ్లి జాడ వెతుక్కోవడం నుంచి ఈ ప్రయోగం పుట్టింది. పాత సంగతికి మళ్లడం అని అర్థం. 1970 వరకు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఏ మాట మొదలైనా మీ ఇంట్లో పెద్దలు ‘మనది కర్నూలు జిల్లాగా ఉన్నప్పుడు...’ అంటూ వెనక్కి వెళితే, అదే హార్క్ బ్యాక్.

హార్కెన్ తరువాత ‘టు’ వస్తుంది, లిజన్ తరువాత వచ్చినట్టే. అయితే దీన్ని చదివి అర్థం చేసుకోవడానికే ఉంచుకోండి. తహసీల్దారుకు ఇంగ్లీషు అర్జీలో ఈ మాట వాడితే, తెలుగులో ‘నా మొర నాలకింపుము’ అని రాసినట్టుంటుంది. అక్కడ ‘కన్సిడర్’ చాలు. దానికి ‘టు’ అక్కర్లేదు.