కంప్యూటరు మీది వాట్లు, బిల్లులోని యూనిట్లు

అద్దె ఇంట్లో కంప్యూటరు పెట్టుకున్నవారికి ఒక చిక్కు ఎదురుకావచ్చు. పెట్టె వెనుక 500 వాట్లని రాసి ఉండడం చూసి, రోజుకు 8 గంటలకు 4 యూనిట్లు, నెలకు 120 యూనిట్లని లెక్కకట్టి ఇంటి యజమాని అదనపు సొమ్ము అడగవచ్చు. ఆ లెక్క సరికాదు. ఎందుకో తెలుసుకోవడం ఉభయులకూ మేలు.

గోడ సాకెట్టు నుంచి వచ్చే 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి లోపలి భాగాలకు అందించే పరికరమే పవర్ సప్లై. బజారులో దీనిని ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. దానిపై రాసిన వాట్లు అది ఇవ్వగల గరిష్ఠ శక్తిని తెలుపుతాయి. ఎల్లవేళలా తీసుకునే విద్యుత్తును కాదు. ఇంట్లో పెద్ద నీళ్లతొట్టి ఉన్నంత మాత్రాన రోజూ తొట్టెడు నీళ్లూ ఖర్చు కావు కదా!

ఉదాహరణకు, లోపలి భాగాలకు 120 వాట్లు అవసరమై, పవర్ సప్లై దక్షత 80 శాతమైతే, అది గోడ నుంచి 150 వాట్లు తీసుకుంటుంది. తేడాగా ఉన్న 30 వాట్లు వేడిగా వృథా అవుతాయి. ఈ లెక్కన 8 గంటలకు 1.2 యూనిట్లు, 30 రోజులకు 36 యూనిట్లు. దక్షత 90 శాతమైతే నెలకు 32 యూనిట్లే. మానిటరు వినియోగాన్ని వేరుగా కలుపుకోవాలి.

సందేహముంటే మీటరునే అడగవచ్చు. ఎలక్ట్రానిక్ మీటరుపై యూనిట్‌కు ఎన్నిసార్లు దీపం మెరుస్తుందో రాసి ఉంటుంది. అది 3200 అయితే, ఇతర పరికరాలన్నీ ఆపి, నిమిషంలో మెరుపులు లెక్కించండి. నిమిషానికి 8 మెరుపులంటే 150 వాట్లు.

కొనేటప్పుడు '80 ప్లస్' గుర్తు చూడడం మంచిది. 2004లో మొదలైన ఈ గుర్తు తొలి స్థాయికి 20, 50, 100 శాతం భారాల వద్ద కనీసం 80 శాతం దక్షత ఉండాలి. అయితే ఇది దక్షతకు హామీయే గాని మన్నికకు కాదు. మన్నిక ప్రధానంగా వేడిపై ఆధారపడుతుంది. లోపలి విద్యుద్విశ్లేష్య కెపాసిటర్ల ఆయుష్షు ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఇంచుమించు సగమవుతుంది. కనుక పెట్టెను గోడకు ఆనించక, గాలి రంధ్రాలలో దుమ్ము చేరనీయక చూసుకోవాలి. అవసరానికి చాలని పవర్ సప్లై పెడితే, భారం పెరిగినప్పుడు కంప్యూటరు హఠాత్తుగా ఆగిపోవచ్చు.

యు.పి.ఎస్. విషయంలోనూ జాగ్రత్త అవసరం. దానిపై రాసే వి.ఎ. సంఖ్య, వాట్లు ఒకటి కావు. 600 వి.ఎ. యు.పి.ఎస్. 360 వాట్లకే పరిమితం కావచ్చు. వాట్ల సంఖ్యనే చూసి కొనాలి.

చివరిగా, ప్రాణానికి సంబంధించిన మాట. కంప్యూటరు పెట్టెను తాకినప్పుడు వేళ్లు జివ్వుమంటే ఎర్తింగు లేదేమోనని అనుమానించాలి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్టుకు తగిలిస్తే ఎర్తు తీగ తెగిపోయినట్టే. వెంటనే ఆపి, ఇంటి యజమానికి తెలిపి, లైసెన్సుగల ఎలక్ట్రీషియన్‌చేత వైరింగు పరీక్ష చేయించండి. బిల్లులో పొరపాటు పడితే తరువాత సరిచేసుకోవచ్చు; ఈ పొరపాటును సరిచేసుకునే వ్యవధి ఉండకపోవచ్చు.