మూసిన సిసిలియను: ఓపికగల చదరంగపు ఆరంభము

ఈ పుట చదువుటకు ముందు ఇంట చదరంగపు బల్ల యున్నచో దానిని దగ్గర పెట్టుకొనుడని మా మనవి. బల్ల లేదని చింతింప నక్కరలేదు. అరుగుమీద సుద్దతో అరువదినాలుగు గడులు గీచి, బంట్లకు చింతపిక్కలును గుర్రములకు గవ్వలును పెట్టి మేమును ఆడితిమి.

గడుల పేర్లు ముందుగా చెప్పుకొందము. తెల్లపక్షము కూర్చున్న దిక్కునుండి చూచినచో ఎడమనుండి కుడికి నిలువు వరుసలు ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్. అడ్డు వరుసలకు తెల్లపక్షపు చెంతనుండి 1 మొదలు 8 వరకు అంకెలు. తెల్లరాజు ముందటి బంటు రెండు గడులు నడచినచో అది ఇ4లో నిలిచినదన్న మాట. మేము శకటు అనునది ఐమూలగా నడచు పావును. కొన్ని యిండ్లలో దానినే ఒంటె యందురు. తిన్నగా నడచునది ఏనుగు. ఈ పేర్లమీదనే తగవులాడి ఆట మానుకొన్న వారిని మే మెరుగుదుము గనుక ముందుగానే చెప్పుచున్నాము.

తెల్లపక్షము ఇ4 ఆడినపుడు నల్లపక్షము తన రాజు బంటును ఎదురు నిలుపక, ప్రక్కనుండి సి5 ఆడుటకు సిసిలియను రక్షణ యని పేరు. సిసిలీ ద్వీపవాసి యగు కరేరా 1617లో ప్రకటించిన చదరంగ గ్రంథముతో ఈ పేరునకు సంబంధము చెప్పుదురు. సి5 బంటు చేయు పని యేమి? అది డి4 గడిని కావలి కాయును. తెల్లపక్షము డి4లో రెండవ బంటును నిలిపి నడిబల్ల నంతయు ఏలుకొనరాదని దాని హెచ్చరిక.

ఎక్కువమంది ఈ హెచ్చరికను లెక్కచేయరు. గుర్రమును ఎఫ్3కు తెచ్చి, వెంటనే డి4 ఆడుదురు. నల్లబంటు ఆ బంటును కొట్టును, తెల్లగుర్రము ఆ నల్లబంటును కొట్టి డి4లో నిలుచును. ఇది తెరచిన సిసిలియను. తెల్లపావులకు విశాలమైన త్రోవలు దొరకును. కాని నల్లపక్షమునకు సి వరుస తెరచుకొనును, నడుమ రెండు బంట్లు మిగులును. అటుపిమ్మట ఆట ప్రవాహమువలె పోవును. డ్రాగను అనియు నజ్‌డార్ఫ్ అనియు అనేక శాఖలు కలవు. ఇరువది ఎత్తుల వరకు కంఠస్థము చేసినవాడు అందులో ఈదగలడు, చేయనివాడు మునుగును.

మూసిన సిసిలియనులో తెల్లపక్షము డి4 ఆడుటయే లేదు. రెండవ ఎత్తున మంత్రివైపు గుర్రమును సి3లో పెట్టును. నల్లపక్షము తన గుర్రమును సి6లో పెట్టును. పిమ్మట తెలుపు జి3, నలుపు జి6. తెల్లశకటు జి2లో, నల్లశకటు జి7లో. తెలుపు డి3, నలుపు డి6. బల్లమీద ఇప్పుడు ఒక్క పావును చావలేదు, ఒక్క వరుసయు తెరచుకొనలేదు. చూచువారికి ఏమియు జరుగనట్లే తోచును. మా యింటిలో ఒక పెద్దమ్మగారు ఇంతవరకు చూచి, "ఇంక ఎప్పుడు మొదలు పెట్టుదురురా?" అని అడిగి లోపలికి పోయిరి.

ఆమె అడిగిన ప్రశ్నయే ఈ ఆరంభమునకు ప్రాణము. ఎప్పుడు మొదలుపెట్టవలెను?

కొల్లేటి ప్రాంతమువారికి ఇది సులభముగా బోధపడును. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు పలువైపులనుండి నీరు తెచ్చి కొల్లేటిలో పోయును. సముద్రమునకు పోవు త్రోవ మాత్రము ఉప్పుటేరు. వచ్చిన నీరంతయు ఆ త్రోవకొరకు వేచియుండును. మూసిన సిసిలియనులో ఇరుపక్షముల స్థితియు ఇట్టిదే. పావులన్నియు వెనుక కూడుచుండును, వెలికి పోవు త్రోవ పక్షమునకు ఒక్కటి. తెల్లపక్షపు త్రోవ రాజువైపున ఎఫ్ బంటు. అది ఎఫ్4కును, అదనెరిగి ఎఫ్5కును నడచి నల్లరాజు కోటగోడను కదలించును. నల్లపక్షపు త్రోవ మంత్రివైపున బి బంటు. ఏనుగును బి8కు తెచ్చి, బి5, బి4 అని నడిపి, సి3లోని తెల్లగుర్రమును తరిమి, జి7 శకటునకు పొడవైన ఐమూల దారిని తెరచును. ఆ దారి చివర తెల్లపక్షపు బి2 బంటును, ఎ1 మూలనున్న ఏనుగును కలవు.

కనుక ఈ ఆటలో ఒకరి నొకరు ఎదుర్కొనుట తక్కువ. చెరియొక వైపున చెరియొకరు పనిచేయుదురు. ఎవరి పని ముందుగా ఫలించునన్నదే ప్రశ్న.

ఇచట తొందరపడినవాడు చెడును. ఏలూరు కాలువమీద పడవలు నడచిన దినములలో లాకులవద్ద పడవవాండ్రు ఏమి చేయువారు? ఇరుప్రక్కల నీటిమట్టము సమమగువరకు తలుపు తీయరు. ముందుగా తీయబూనినచో నీరు విసరును, పడవ తలక్రిందగును. ఎఫ్5 అను ఎత్తు అట్టి తలుపు. బంటు ఎఫ్4లో నున్నంతవరకు ఇ5 గడిమీద దానికి కాపు ఉండును. అది ఎఫ్5కు దాటినంతనే ఇ5 నల్లగుర్రమునకు సింహాసనమగును. బంటు వెనుకకు రాదు గదా. నేర్చుకొనువారు చేయు తప్పులలో పదింట ఎనిమిది ఇదియేనని మా అభిప్రాయము. దాడి చేయుచున్నామను సంతోషములో ఇ5 గడిని దానమిచ్చుదురు.

మేమును ఇచ్చితిమి. చాల సంవత్సరముల క్రిందట తాడేపల్లిగూడెమునుండి ఆదివారములయందు పాసింజరు బండిలో ఏలూరు వచ్చి మా వీధి అరుగుమీద చదరంగమాడు ఒక పెద్దాయన యుండెడివారు. ఆయనతో ఆడిన మొదటి ఆటలో మేము ఎఫ్4 ఆడి, శకటును ఇ3కు తెచ్చి, పదియవ ఎత్తు నాటికే ఎఫ్5కు దూకితిమి. ఆయన పొడుముడబ్బి తీసి, మూసి, గుర్రమును ఇ5లో కూర్చుండబెట్టిరి. అప్పటికే వారి బి బంటు మా సి3 గుర్రమును తరిమియుండెను. మరి రెండెత్తులకు వారి గుర్రము మా ఎఫ్3 గుర్రమును రాజుకు చెక్ చెప్పుచు కొట్టెను. మేము తిరిగి కొట్టక తప్పలేదు. దారి తెరచుకొన్న జి7 శకటు తిన్నగా వచ్చి కాపులేని బి2 బంటును కొట్టి ఎ1 ఏనుగుమీద నిలిచెను. తలుపు తీసినవారము మేము, నీరు వచ్చినది మా యింటిలోనికి.

మరి సరియైన క్రమ మేది? ఎఫ్4 పిమ్మట రాజువైపు గుర్రమును ఎఫ్3కు తెచ్చి, రాజును కోటలోనికి చేర్పవలెను. పిదప హెచ్3, జి4 ఆడి ఎఫ్5 గడిమీద బలము కూడబెట్టవలెను. శకటును ఇ3లో పెట్టి, మంత్రిని డి2కో ఇ1కో కదలించి, పావులు ఒకదాని కొకటి అడ్డములేకుండ చూచుకొనవలెను. మంత్రివైపున నల్లబంట్లు వచ్చుచుండగా చూచుచుండుట కష్టమే. బి2ను ఒకసారి పరికించి, అవసరమైన ఒకటి రెండు ఎత్తులు మాత్రమే అచట వ్యయముచేసి, మిగిలినవన్నియు రాజువైపునకే వినియోగింపవలెను.

ఈ ధైర్యమునకు గొప్ప ఉదాహరణము 1968లో సుఖూమి పట్టణమున జరిగిన స్పాస్కీ, గెల్లర్‌ల పోటీ. ప్రపంచ విజేతతో తలపడు నర్హతకై జరిగిన పోటీలలో అది యొకటి. గెల్లర్ ఆరంభముల శాస్త్రమున ఆరితేరినవాడు. తెరచిన సిసిలియనులో అతనితో తలపడుట కంటె మూసిన దానిలో ఆడుట మేలని స్పాస్కీ యెంచినట్లున్నది. పోటీలో అతడు మూడు ఆటలు గెలిచెను. మూడింటను ఈ ఆరంభమే. వానిలో ఒకదానిని బల్లమీద చూచినవారు దానిని మరువరు. గెల్లర్ గుర్రమును ఎఫ్6లో పెట్టి, రాజును కోటలో చేర్చి, బి బంటును నడిపెను. బంట్లు మారి ఎ వరుస తెరచుకొనగా అతని ఏనుగు ఎ2 వరకు చొచ్చుకొని వచ్చెను, మంత్రి దాని వెనుక నిలిచెను. ఇంటిలో దొంగలు పడినట్లే. స్పాస్కీ పదునారవ ఎత్తున జి4 ఆడెను. పందొమ్మిదవ ఎత్తున గాని ఎఫ్5 ఆడలేదు. ఆలోగా ఎఫ్ వరుసలో మంత్రియు ఏనుగును సిద్ధముగా నుండెను. పిమ్మట గుర్రము జి5కు, మంత్రి హెచ్4కు వచ్చెను. ఇరువదిమూడవ ఎత్తున ఏనుగు ఎఫ్7 బంటును కొట్టి కోటలో ప్రవేశించెను. నల్లపావులు పెక్కు బల్లకు ఆ మూలనుండి తమ రాజు చిక్కులను దూరమునుండి చూచుచుండెను. మరుసటి సంవత్సరము, 1969లో, స్పాస్కీ ప్రపంచ విజేత యయ్యెను.

గెల్లర్ వైపున తప్పేమి? గుర్రమును ఎఫ్6లో పెట్టుట చూచుటకు సహజమైన ఎత్తు. కాని అది తన శకటు దారికే అడ్డు నిలుచును, ఎఫ్5 గడికి కావలి కాయదు, జి బంటు వచ్చినపుడు తరుమబడును. నల్లపావులతో ఆడువారు ఇ6 ఆడి గుర్రమును ఇ7లో పెట్టుట మేలు. అచటనుండి అది ఎఫ్5ను కాయును, శకటు చూపు చెడదు. తెల్లపక్షము శకటును ఇ3కు తెచ్చినపుడు మరియొక గుర్రము సి6నుండి డి4కు దూకవచ్చును. డి4 ఈ ఆరంభమున తెల్లపక్షపు బలహీనస్థానము. సి3లో గుర్రమున్నంత కాలము సి బంటుతో దానిని తరుముట కుదరదు. ఈ విధముగా ఆడినచో నల్లపక్షమునకు భయము లేదు. నేటి కంప్యూటరు యంత్రములు గూడ ఈ ఆరంభమున తెల్లపక్షమునకు చెప్పుకోదగిన ఆధిక్యము చూపవు. ఇది తప్పక గెలిపించు మంత్రమని ఎవరైన చెప్పినచో నమ్మరాదు.

అయినను ఇండ్లలో పిల్లలకు దీనినే ముందుగా నేర్పుడని మేము చెప్పుట కొక కారణము కలదు. నేడు మన జిల్లాలలో చదరంగము నేర్చు బాలబాలికలు పెక్కురు. కొల్లేటికి నైరుతిగా నున్న గుడివాడలో 1987లో జన్మించిన కోనేరు హంపి 2002లో పదునైదవ యేట గ్రాండుమాస్టరై, అంతవరకు జూడిట్ పోల్గార్ పేరనున్న స్త్రీల రికార్డును దాటెను. 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్కులోను స్త్రీల ప్రపంచ ర్యాపిడ్ విజేతగా నిలిచెను. అట్టి పేరు విన్న తలిదండ్రులు తమ బిడ్డలచేత ఎత్తుల వరుసలు వల్లెవేయించుచున్నారు. (హంపి తెల్లపావులతో ఎక్కువగా మంత్రి బంటునే ముందు నడుపును గనుక మా ఆరంభమునకు ఆమెను సాక్షిగా పిలువము.) వల్లెవేసిన బాలుడు పదునాలుగవ ఎత్తువరకు గ్రాండుమాస్టరు. పదునైదవ ఎత్తున ఎదుటివాడు పుస్తకములో లేని ఎత్తు వేయగనే చేయి వణకును. బల్ల ముందు కన్నీరు పెట్టుకొన్న పసివాండ్రను మేము చూచితిమి. తాను ఎందుకు ఆ ఎత్తులు వేసెనో వానికి తెలియదు. మూసిన సిసిలియనులో వల్లెవేయవలసినది స్వల్పము. త్రోవ యేదో, తలుపు యేదో తెలిసినచో ఎదుటివాడు క్రమము మార్చినను పిల్లవాడు తన బుద్ధితో వెదకుకొనగలడు.

మన పెద్దలకు ఈ తీరు క్రొత్తయు కాదు. మన పాత ఆటలో బంటు మొదటి ఎత్తున గూడ ఒక్క గడియే నడచును. ఆట నెమ్మదిగా తెరచుకొనును. పందొమ్మిదవ శతాబ్ది నడుమ కలకత్తాలో మహేశచంద్ర బెనర్జీ కాక్రేను దొరతో ఆడిన ఆటలలో శకటును ఇట్లే జి7 మూలలో నిలిపి దూరమునుండి నడిబల్లను బెదరించెను. ఇండియను రక్షణలని ఐరోపావారు పిలుచు ఆరంభములకు ఆ పేరు అట్టి ఆటలనుండియే వచ్చినది.

తాడేపల్లిగూడెపు పెద్దాయన సంగతి సగములో విడిచితిమి. మరుసటి ఆదివారము మేము తొందరపడలేదు. ఎఫ్4 ఆడి, గుర్రమును ఎఫ్3లో పెట్టి, రాజును కోటలో చేర్చితిమి. ఆయన ఇ6 ఆడి, గుర్రమును ఇ7లో పెట్టి, తామును కోట కట్టిరి. మేము శకటును ఇ3కు తెచ్చితిమి. బండికి వేళయైనది. ఆయన కండువా దులుపుకొని లేచి, "అబ్బాయీ, బల్ల కదపకు. నా ఎత్తు కార్డుమీద వ్రాసి పంపుదును" అనిరి. ఆ బల్లను అటకమీదికి ఎత్తి పిల్లికి అందకుండ ఒక గంప బోర్లించితిమి.

గురువారమునాడు కార్డు వచ్చినది. కుశలప్రశ్నలు లేవు. నడుమ పెద్ద యక్షరములతో "గుర్రము, డి4" అని మాత్రము కలదు. గంప తీసి, బల్ల దించి, జవాబు కొరకు మేము రెండు దినములు దాని ముందు కూర్చుంటిమి.