మొలలో చాకు, సంచిలో నిప్పు

మీ జేబులో ఇప్పుడు ఏమేమి ఉన్నాయో ఒకసారి తీసి బల్లమీద పెట్టండి. పెన్ను, బస్సు పాసు, చిల్లర డబ్బులు, బహుశా ఒక రబ్బరు ముక్క. ముత్తాతల కాలంలో నందిగామ, జగ్గయ్యపేట పల్లెల్లో పొలానికి బయలుదేరే రైతును ఇదే అడిగి ఉంటే వేరే సామాను బయటపడేది. మొలలో మడతచాకు. నడుముకు వేలాడే సంచిలో ఆకు, వక్క, సున్నపుకాయ, అడకత్తెర. మరో చిన్న సంచిలో చెకుముకి రాయి, ఉక్కుముక్క, దూది.

నేడు దేశదేశాల్లో ఇలాంటి చాకులను ఏరికోరి కొని, నిత్యం వెంట ఉంచుకునే అభిరుచిగలవారు ఉన్నారు. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ 1897లో రూపొందించిన చాకు అంటే వారికి ఎంతో ముచ్చట. ఒకే పిడిలో ఎన్నో పనిముట్లు మడిచి పెట్టవచ్చు గదా! అయితే ఈ ఉపాయం మనకు కొత్తదేమీ కాదు. తాటాకుమీద రాసే రోజుల్లో ఆకును కోసే చాకు, అక్షరాలు గీసే గంటం ఒకే పిడిలో ఇమిడిపోయే పనిముట్లు దక్షిణదేశంలో ఉండేవి.

ఇంతకీ చాకు ఎందుకు కోస్తుంది? పదునుగా ఉంది కాబట్టి అంటారు మీరు. పదును అంటే ఏమిటి? లెక్క వేసి చూద్దాం. 5 సెంటీమీటర్ల పొడవున్న అంచుమీద 1 కిలో బరువు మోపామనుకోండి. అంచు మందం 1 మిల్లీమీటరు అయితే ఆ బరువు అర చదరపు సెంటీమీటరు మీద పడుతుంది. అంటే చదరపు సెంటీమీటరుకు 2 కిలోలు. దానితో వంకాయ కూడా తెగదు. అదే అంచును మిల్లీమీటరులో నూరోవంతుకు పలచన చేస్తే చదరపు సెంటీమీటరుకు 200 కిలోల ఒత్తిడి వస్తుంది! చెయ్యి అదే, బలం అదే. మారింది వైశాల్యం ఒక్కటే.

మరి అంచును పలచన చెయ్యాలంటే నూరాలి. దేనిమీద? ఇక్కడ ఒక చిన్న ప్రయోగం ఉంది. కృష్ణ ఒడ్డున ముక్త్యాల మొదలు జగ్గయ్యపేట దాకా సున్నపురాయికి కొదవలేదు. ఆ ప్రాంతంలో సిమెంటు కర్మాగారాలు వెలసింది అందుకే. ఇళ్లలో పరిచే నాపరాయి కూడా సున్నపురాయే. పగిలిన నాపరాయి ముక్క తీసుకుని ఇనుపమేకుతో గీయండి. తెల్లటి గీత పడుతుంది. ఆ పొడిమీద నిమ్మరసం చుక్క వేస్తే సన్నగా నురుగు వస్తుంది. బొగ్గుపులుసు వాయువు బుడగలన్నమాట. ఇప్పుడు మునేరు ఇసుకలోంచి తెల్లని పలుగురాయి ఏరి తెచ్చి, దానిమీద గీయండి. ఈసారి కనిపించేది నల్లటి చార. అది రాయి అరిగిన గుర్తు కాదు, మేకు అరిగిన గుర్తు!

1812లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ మోస్ ఖనిజాల కాఠిన్యానికి 1 నుంచి 10 వరకు ఒక వరుస ఏర్పరచాడు. సున్నపురాతిలోని కాల్సైటు 3. కత్తి ఉక్కు సుమారు 6. పలుగురాయి 7. కనుక స్వచ్ఛమైన సున్నపురాతిమీద కత్తి నూరితే రాయే అరుగుతుంది గాని కత్తికి పదును రాదు. పలుగురేణువులున్న ఇసుకరాతిమీద వస్తుంది. జగ్గయ్యపేట దగ్గరి బౌద్ధస్తూపంలో చక్రవర్తి శిల్పాన్ని అంత సున్నితంగా చెక్కగలిగింది కూడా రాయి ఉలికంటే మెత్తన కావడంవల్లనే. 1882లో బర్జెస్ తవ్వి వెలికితీసిన స్తూపం అది. 10 అంకె వజ్రానిది. ఒకప్పుడు వజ్రాలు దొరికిన పరిటాల నందిగామకు దగ్గరే. వజ్రంతో కత్తి నూరుకున్న రైతు సంగతి ఎవరూ చెప్పలేదు గాని, ఈనాడు వజ్రపుపొడి అద్దిన నూరుడు పలకలు బజారులో దొరుకుతున్నాయి.

అంచు ఎంత పలచనైనా, ఉక్కు మంచిది కాకపోతే నిలవదు. ఇనుములో కొద్దిగా కర్బనం చేరితే ఉక్కు అవుతుంది. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మూసలలో కరిగించి చేసిన ఉక్కుముద్దలు ఒకనాడు పర్షియాదాకా వెళ్లాయి. ఐరోపావారు దాన్ని 'వూట్జ్' అన్నారు. మన 'ఉక్కు' మాటే అలా మారిందని పలువురి అభిప్రాయం. ఆ ఉక్కు రహస్యం తెలుసుకోవాలని 1819 ప్రాంతంలో ప్రయోగాలు చేసిన వారిలో మైకేల్ ఫారడే ఒకడు. విద్యుచ్ఛక్తి పాఠంలో మీరు చదివే ఫారడేయే. ఆయన కమ్మరి కొడుకు.

చెకుముకి సంచిలోనూ ఈ ఉక్కుదే పని. నిప్పు రాతిలోంచి వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి గట్టి రాయి ఉక్కును గీరి, కంటికి ఆనని రవ్వలు రాలుస్తుంది. ఆ రాపిడి వేడికి రవ్వలు గాలిలోని ప్రాణవాయువుతో కలిసి మండుతాయి. అంటే మెరిసేది మండుతున్న ఇనుము. అది దూదిలో పడితే రాజుకుంటుంది. అడకత్తెర సంగతి మీ పాఠ్యపుస్తకంలోనే ఉంది: రెండవ రకపు తులాదండం.

రైతు చాకు మొద్దుబారితే పని ఆలస్యమవుతుంది, అంతే. ఈ మెట్టసీమలో తాటిచెట్టెక్కే గీత కార్మికుడికి అలా కాదు. గెల కొసను రోజూ పలచగా చెక్కితేనే కల్లు కారుతుంది. చెట్టు తయారుచేసుకున్న చక్కెరనీరు సన్నని నాళాలలో ప్రవహిస్తుంది. వాడి కత్తి ఆ నాళాలను శుభ్రంగా తెంచి నోళ్లు తెరుస్తుంది. మొద్దు కత్తి వాటిని నలిపి మూసేస్తుంది. అందుకే చెక్కమీద పలుగురాతి పొడి చల్లి, ఓపికగా కత్తులు నూరుకుంటారు. నడుముకు కట్టే ముస్తాదులో వాటిని పెట్టుకుని ఎక్కుతారు.

ఆయనను చెట్టుమీద నిలిపేది మోకు. చెట్టును, తనను చుట్టిన ఆ తాడుమీద వెనక్కు వాలితే తాడు చెట్టును గట్టిగా అదుముతుంది. అదుము పెరిగితే ఘర్షణ పెరుగుతుంది, ఘర్షణ పెరిగితే తాడు జారదు. కాని పైకి జరపాలంటే ప్రతిసారీ మోకును వదులు చెయ్యక తప్పదు. ప్రమాదం ఆ క్షణంలోనే ఉంది. వాన తడిసిన మానుమీద ఘర్షణ తగ్గుతుంది కూడా. 20 మీటర్లు దాటే చెట్టుపైనుంచి పట్టు జారితే మొలలోని వాడి కత్తులూ ఆయనతోనే కిందికి వస్తాయి. ఇలా ప్రాణాలు పోయినవారు, నడుములు విరిగినవారు ఉన్నారు.

జగ్గయ్యపేట దాటితే వచ్చేది తెలంగాణ. అక్కడి ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్ష పేరుతో గీత కార్మికులకు భద్రత సామగ్రి ఇవ్వడం మొదలుపెట్టింది. పర్వతారోహకులు వాడే తరహా తాళ్లు, పట్టాలు అవి. పట్టు తప్పినా మనిషిని నేలమీద పడనీయకుండా ఆపాలన్నది ఉద్దేశం. ఎన్ని పట్టాలు కట్టుకున్నా, కల్లు గీసే కత్తులు మాత్రం ముస్తాదులోనే ఉండాలి. చెట్టెక్కే ముందు వాటిని పలుగుపొడిమీద నూరుకోవలసిందే.