ఆ పీకల్లో నావీ ఉన్నాయి!

పోయిన ఏడాది మా అమ్మాయి స్కూలు పిల్లలతో కలిసి శాన్‌డియాగోలో బీచ్ క్లీనప్‌కి వెళ్లాను. గ్లవ్స్, బకెట్, ఏరినవి లెక్క రాసే కాగితం ఇచ్చారు. గంటన్నరలో మేమిద్దరం ఏరినవాటిలో సిగరెట్ పీకలే ఎక్కువ. ‘‘ఇక్కడ స్మోకింగ్ బ్యాన్ కదా నాన్నా, ఇవన్నీ ఎలా వచ్చాయి?’’ అని అడిగింది. జవాబు నాకు తెలుసు. కానీ నోరు పెగల్లేదు.

పద్దెనిమిదేళ్లు సిగరెట్ తాగి, ఆరేళ్ల క్రితం మానేశాను. అన్నాళ్లూ ఆఫీసు వెనక పార్కింగ్ లాట్‌లో చివరి దమ్ము లాగి, పీకను షూతో నలిపి, వాన నీటి కాలువ జాలీలోకి తోసేసేవాణ్ని. ఇక్కడ ఆ కాలువల నీరు శుద్ధి కాకుండానే వాగుల్లోకి, అక్కణ్నుంచి సముద్రంలోకి చేరుతుంది. బీచ్‌లో ఎవరూ కాల్చకపోయినా పీకలు వచ్చేది అలాగే.

దాచుకునే అలవాటు

నాకీ అలవాటు ఇంజినీరింగ్ కాలేజీ ఎదుట కిళ్లీ కొట్టు దగ్గర అబ్బింది. వేలాడే తాడు నిప్పుతో ముట్టించుకోవడం, తెలిసినవాళ్లు కనబడగానే విసిరేయడం. ఇంట్లో యాష్‌ట్రే పెడితే నాన్నకు దొరికిపోతాం. మనలో చాలామందికి పీక అంటే చెత్త కాదు, సాక్ష్యం. అమెరికా వచ్చాక నాన్న స్థానంలో భార్యాపిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అత్తమామలు చేరారంతే. పైగా ‘ఆర్పేశాం కదా’ అన్న తృప్తి ఒకటి!

ఫిల్టర్‌ని నేను దూది అనుకునేవాణ్ని. అది సెల్యులోజ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్. మట్టిలో తేలిగ్గా కలిసిపోదు, నీటిలో నానితే నికోటిన్, ఇతర విషాలు వదులుతుంది. పీక నానిన నీరు చేపలను ఏం చేస్తుందో శాన్‌డియాగో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. లీటరు నీటికి ఒక్క పీక చొప్పున నానినా, నాలుగు రోజుల్లో సగం చేపలు చనిపోయాయి. 1986లో టెక్సాస్ తీరంలో మొదలైన అంతర్జాతీయ తీర శుభ్రత కార్యక్రమంలో దశాబ్దాల పాటు పీకలదే మొదటి స్థానం. 2019లో ఆ స్థానం తినుబండారాల కవర్లకు పోయింది. అయినా ఆ ఏడాది ఏరిన పీకలు 42 లక్షలు!

చట్టం కన్నా డబ్బా మేలు

శాన్‌ఫ్రాన్సిస్కో 2009లో పీకలు ఊడ్చే ఖర్చు కోసం ప్యాకెట్‌కి 20 సెంట్ల రుసుము పెట్టింది. 2020 జనవరి నుంచి కాలిఫోర్నియా రాష్ట్ర బీచ్‌లలో, పార్కుల్లో పొగతాగడం నిషేధం. చట్టాలు మంచివే. కానీ ‘కీప్ అమెరికా బ్యూటిఫుల్’ సంస్థ 2009లో చేయించిన అధ్యయనం చెప్పిన సంగతి నాకు ఇంకా నచ్చింది. పీకల్లో 65 శాతం నేల పాలవుతున్నాయి. యాష్‌ట్రే డబ్బా ఒకటి అదనంగా పెట్టిన కొద్దీ అది 9 శాతం తగ్గుతుంది.

2015లో లండన్‌లో ఒక సంస్థ డబ్బాకి రెండు అరలు పెట్టి, ‘మెస్సీయా, రొనాల్డోనా?’ అని పీకలతో ఓటేయించింది. మొన్న ఉగాది వేడుకలకు నేనూ అదే పని చేశాను. హీరోల పేర్లు పెడితే గొడవలవుతాయని ‘ఆవకాయా, గోంగూరా?’ అని రాసి, హాలుకు దూరంగా స్మోకర్లు చేరే మూలలో నిలబెట్టాను. ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు. సాయంత్రానికి ఆవకాయ గెలిచింది. నేల మీద దొరికిన పీకలు నాలుగైదే. ఓటేయడానికి వచ్చిన పెద్దాయన ఒకరు ‘‘ఇన్నేళ్లలో డబ్బా ఎవరూ పెట్టలేదు బాబూ’’ అన్నారు.

మానేస్తే అన్నిటికన్నా మంచిది. మానలేకపోతే మూత బిగుతుగా పట్టే చిన్న రేకు డబ్బా ఒకటి జేబులో ఉంచుకోండి. పూర్తిగా ఆర్పిన పీక అందులో వేసి, తర్వాత చెత్తబుట్టలో పడేయండి. మన సంఘాల పిక్నిక్‌లకు, సినిమా ప్రీమియర్లకు వెళ్లేటప్పుడు అలాంటి డబ్బాలు రెండు అదనంగా పట్టుకెళ్లండి.

అన్నట్టు, మా అమ్మాయి ప్రశ్నకు ఇంటికి వెళ్లే దారిలో కారులో జవాబు చెప్పాను. కాసేపు కిటికీలోంచి బయటకి చూసి, ‘‘అయితే వచ్చే నెల కూడా వద్దాం నాన్నా’’ అంది. ఇప్పుడు ప్రతి నెలా వెళ్తున్నాం.