ఆదరణ కూడికలో ఏం మాట్లాడదాం?

తాగుడు వల్ల భర్తను పోగొట్టుకొన్న సహోదరి ఇంట ఆదరణ కూడిక. "తాగి తాగి పోయాడు" అని ఎవరో గొణుగుతారు. ఆమె తల వంచుకొంటుంది.

ప్రియులారా, తాగుడుకు బానిస కావడం, మనస్సు కృంగిపోవడం రెండూ జబ్బులే. కృంగినవాడు తాగుతాడు, తాగుడు అతణ్ణి మరింత కృంగదీస్తుంది. ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరుకొన్నప్పుడు (1 రాజులు 19) దేవుడు గద్దించలేదు. దూత తట్టి లేపి అప్పము, నీళ్లు ఇచ్చాడు.

మనమూ ఆ యింటికి అన్నం పట్టుకువెళ్దాం. అతని మంచిని పిల్లల ఎదుట తలచుకొందాం. "నేను ఆపలేకపోయాను" అని ఆమె ఏడిస్తే, "నీ తప్పు కాదమ్మా" అందాం.

మన మధ్య అలా కృంగిపోతున్నవారు ఇంకా ఉంటే ప్రార్థించి, వైద్యుని దగ్గరకూ తీసుకువెళ్దాం. 2022లో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్, 14416కు రేయింబగళ్లు ఉచితంగా ఫోను చేయవచ్చు.

వచ్చే ఆదివారం ఆమె తలెత్తుకొని మందిరానికి రాగలగాలి. అదే ఆదరణ.