నెమలి తోక పక్కకు జరిగిందెందుకు?

కంప్యూటరు చెక్కుడు యంత్రంతో వడ్రంగుల తంటాలు

సింహద్వారం టేకు పలకపై నెమలి దిగుతోంది. తల, మెడ ముచ్చటగా వచ్చాయి. తోక దగ్గరకొచ్చేసరికి బొమ్మ నాలుగు మిల్లీమీటర్లు ఎడమకు జరిగిపోయింది. యంత్రం మాత్రం ఏమీ ఎరగనట్టు చివరిదాకా చెక్కి, తీరిగ్గా మొదటి చోటికి వచ్చి ఆగింది. ఇక ఆ పలక పొయ్యిలోకే. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్న ఆసామి ఊరుకుంటాడా?

కంప్యూటరు చెప్పినట్టు చెక్కే రౌటరు యంత్రాలు పల్లెల్లోని వడ్రంగి కొట్లలోకీ వచ్చాయి. కొందరు కంపెనీ సరుకు కొన్నారు. మరికొందరు కుర్రాళ్లు విడిభాగాలు తెప్పించి, ఇనుప చట్రానికి తామే బిగించుకున్నారు. సాగినంతకాలం దీన్ని మించిన పనివాడు లేడు. మొరాయిస్తే పట్నం నుంచి మెకానిక్కు దిగాలి. అప్పు తెచ్చి కొన్నవారికి అన్ని రోజులూ వడ్డీయే మిగులు. అయితే ఈ యంత్రానికి వచ్చే రోగాలు చాలావరకు కొట్లోనే కనిపెట్టదగినవి.

కళ్లులేని మోటారు

ఇందులో ఉండేది స్టెప్పర్ మోటారు. పంపుసెట్టు మోటారులా గిర్రున తిరిగేది కాదు, అడుగులు వేస్తుంది. మామూలుగా ఒక్కో అడుగు 1.8 డిగ్రీలు, 200 అడుగులకు ఒక చుట్టు. కంప్యూటరు వైపు నుంచి వచ్చే పల్సులను డ్రైవరు పెట్టె అందుకొని మోటారును నడిపిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. అడుగు పడిందో లేదో మోటారు తిరిగి చెప్పదు, కంప్యూటరు అడగదు. మధ్యలో కొన్ని అడుగులు తప్పితే అక్కడి నుంచి బొమ్మంతా ఆ మేరకు పక్కకు పోవలసిందే. నెమలికి పట్టిన గతి అదే.

అడుగు ఎందుకు తప్పిందో తేల్చడానికి మంచి ఉపాయం ఒకటుంది. కత్తిని పలకకు పైన ఎత్తి ఉంచి, అదే బొమ్మను గాలిలో నడిపించాలి. మొదట కత్తి తిప్పే స్పిండిల్ ఆపి, తరువాత దాన్ని తిప్పుతూ. స్పిండిల్ ఆపినా తప్పుతుంటే వేగం ఎక్కువైనా కావాలి, మరకడ్డీ, పట్టాలు బిగుసుకుపోయైనా ఉండాలి. స్పిండిల్ తిరిగినప్పుడే తప్పితే కరెంటు అల్లరి. రెండుసార్లూ బాగుండి చెక్కలోనే తప్పితే కోత లోతు ఎక్కువైందో, కత్తి మొద్దుబారిందో, డ్రైవరులో ఆంపియర్లు తక్కువ పెట్టారో చూడాలి. ఎంత పెట్టాలన్నది మోటారు మీది చీటీలోనే ఉంటుంది.

మోటారును మరకడ్డీకి కలిపే కప్లింగును మరవకూడదు. దాని చిన్న మర వదులైతే మోటారు తిరుగుతుంది, కడ్డీ తిరగదు. కప్లింగు మీద నుంచి కడ్డీ మీదికి పెన్నుతో ఒక గీత గీసి పని నడిపితే సరి. గీత రెండు ముక్కలైతే దొంగ దొరికినట్టే.

వంద చెబితే యాభై

కొత్తగా బిగించుకున్నవారికి ఎదురయ్యేది కొలత తేడా. డ్రైవరు మీది చిన్న మీటలు చుట్టుకు 1600 పల్సులు అని పెట్టి ఉన్నాయనుకుందాం. మరకడ్డీ చుట్టుకు 5 మి.మీ. జరిపితే మిల్లీమీటరుకు 320 పల్సులు. కంప్యూటరులోనూ ఇదే అంకె ఉండాలి. జీఆర్‌బీఎల్ బోర్డు వాడేవారు దీన్ని డాలరు గుర్తుతో ఉండే 100, 101, 102 నంబర్ల వద్ద వేస్తారు. 100 మి.మీ. జరగమంటే సరిగ్గా 50 జరిగిందా? మీటలు 3200 మీద ఉన్నాయన్నమాట. తప్పు సగమో రెట్టింపో అయితే మీటల వైపే చూడాలి.

మోటారు తిరగక గుర్రుమంటే తీగల జత తారుమారైందేమో చూడాలి. కరెంటు తీసి, డ్రైవరు నుంచి తీగలు విప్పి, నాలుగింటిలో రెండు చొప్పున కలిపి ఇరుసు తిప్పి చూస్తే, ఒకే చుట్టకు చెందిన జత కలిసినప్పుడు ఇరుసు బరువెక్కుతుంది. పెట్టెలో కరెంటు ఉండగా మాత్రం మోటారు తీగ పీకకూడదు. డ్రైవరు అక్కడికక్కడే కాలిపోవచ్చు.

పాత కంప్యూటరే నయం

మాక్‌3 వాడేవారి కష్టం వేరు. ప్రింటర్లకు వాడిన 25 కాళ్ల పాత పోర్టు నుంచి అది నేరుగా పల్సులు పంపాలంటే 32 బిట్ల విండోస్ కావాలి. 64 బిట్ల కొత్త కంప్యూటరులో ఆ పోర్టు డ్రైవరు పనిచేయదు. మూలన పడేసిన పాత డెస్క్‌టాప్‌కు ఇక్కడ విలువ వచ్చింది. ల్యాప్‌టాపులు కరెంటు పొదుపు చేయబోయి పల్సుల తాళం తప్పిస్తాయి. యూఎస్‌బీ బోర్డయితే పల్సులు తానే తయారుచేస్తుంది గనుక ఆ బెడద లేదు. కానీ కంప్యూటరు నిద్రలోకి జారితే పని మధ్యలో ఆగుతుంది. నిద్ర ఏర్పాటు ముందే తీసేయాలి.

ఇక కరెంటు అల్లరి. స్పిండిల్ వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ పెట్టె నుంచి పుట్టే ఈ అలజడి పక్క తీగల్లోకి చొరబడుతుంది. హద్దు తగలకుండానే లిమిట్ స్విచ్ తగిలినట్టు యంత్రం ఆగిపోతుంది. స్పిండిల్‌కు జాలీ తొడుగున్న తీగ వేసి, దాన్ని ఎర్తుకు కలపాలి. స్విచ్చుల తీగలను దానికి దూరంగా లాగాలి. ఎర్తు గుంత ఎండిపోతే ఇదంతా వృథా. వేసవిలో అందులో నాలుగు బిందెల నీళ్లు పోయడం మరవరాదు.